స్క్విరెల్ హిల్‌లో ఆ పదకొండు మంది తర్వాత

2018 అక్టోబర్ 27, శనివారం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో స్క్విరెల్ హిల్ అనే పేట. ఉదయం పది కావస్తుండగా విల్కిన్స్, షేడీ అవెన్యూలు కలిసే మూల మీద ఉన్న ‘ట్రీ ఆఫ్ లైఫ్’ అనే సినగాగ్‌లోకి, అంటే యూదుల ప్రార్థనాలయంలోకి, ఒక దుండగుడు తుపాకులతో జొరబడ్డాడు. ప్రార్థనకు వచ్చిన పదకొండు మందిని కాల్చి చంపాడు. నలుగురు పోలీసులతో కలిపి మరో ఆరుగురు గాయపడ్డారు. చనిపోయినవారిలో అందరికన్నా చిన్న వయసు 54, పెద్దామెకు 97. అమెరికా చరిత్రలో యూదుల మీద జరిగిన దాడుల్లో ఇంతమందిని బలి తీసుకున్నది మరొకటి లేదు.

ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా ‘ఊరంతా ఒక్కటైంది’ అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. ఆ ముక్క వెనక ఎవరు ఏ పని చేశారో, ఆ పని వాళ్లకు ముందే ఎలా తెలుసో, ఎక్కడ మాట తేడా వచ్చిందో బయటికి రాదు. పిట్స్‌బర్గ్ యూదుల సంగతి దగ్గరగా చూస్తే కనబడేది ఏమిటంటే, ఆ వారం వాళ్లను నిలబెట్టినవన్నీ అంతకు ముందు నుంచీ ఉన్నవే. శవానికి కాపలా కాసే పద్ధతి ఉంది. పది మంది ఉంటేనే సామూహిక ప్రార్థన అనే నియమం ఉంది. మసీదు వాళ్లతో ఏళ్ల తరబడి పరిచయం ఉంది. దుఃఖంలో ఏం చేయాలో తోచని మనుషులకు ఇవన్నీ చేతికి అందే పనులయ్యాయి.

ముందు ఆ పేట సంగతి చెప్పుకోవాలి. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 49 వేల మంది యూదులు ఉన్నారని దాడికి కొద్ది నెలల ముందు వెలువడిన ఒక సర్వే లెక్క కట్టింది. వాళ్లలో దాదాపు నాలుగో వంతు స్క్విరెల్ హిల్‌లోనే ఉంటారు. అమెరికాలో చాలా నగరాల్లో యూదులు ఒక తరం గడిచేసరికి శివార్లకు తరలిపోయారు. ఇక్కడ మాత్రం నగరం నడిబొడ్డునే ఉండిపోయారు. అందుకే సినగాగ్‌లు, యూదుల ఆహార నియమాల ప్రకారం సరుకులమ్మే కోషర్ దుకాణాలు, యూదు బడులు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. ఫోర్బ్స్, మర్రే అవెన్యూలు కలిసే చోట జ్యూయిష్ కమ్యూనిటీ సెంటర్ గడియారం మీద అంకెల బదులు హీబ్రూ అక్షరాలు ఉంటాయి. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు ఉండటంతో భారతీయ విద్యార్థులు కూడా ఈ వీధుల్లోనే అద్దెకుంటారు. కార్నెగీ మెలన్‌లో చదువుకున్న తెలుగువాళ్లలో చాలామందికి మర్రే అవెన్యూ కొత్త కాదు.

ఆ ఉదయం ఒకే కప్పు కింద మూడు సంఘాలు ఉన్నాయి. భవనం ట్రీ ఆఫ్ లైఫ్ వాళ్లది. 1864లో మొదలైన సంఘం అది. న్యూ లైట్ అనే చిన్న సంఘం సొంత భవనం అమ్మేసుకుని 2017లో ఇక్కడికి మారింది. డోర్ హదాష్ అనేది 1960ల్లో పుట్టిన సంఘం. రబ్బీ, అంటే మతగురువు, లేకుండా సభ్యులే ప్రార్థనలు నడిపించుకుంటారు. ట్రీ ఆఫ్ లైఫ్ వాళ్లు ఏడుగురు, న్యూ లైట్ వాళ్లు ముగ్గురు, డోర్ హదాష్ వాళ్లు ఒకరు చనిపోయారు.

ఆ వేళకే అక్కడికి ఎవరు వచ్చి ఉన్నారనేది ఆలోచించాల్సిన విషయం. యూదుల నియమం ప్రకారం సామూహిక ప్రార్థనకు కనీసం పది మంది పెద్దలు ఉండాలి. దీన్ని మిన్యాన్ అంటారు. పది మంది కూడకపోతే కొన్ని ప్రార్థనలు చదవడానికి లేదు, చనిపోయినవారి కోసం చెప్పే కద్దీష్ కూడా కుదరదు. సంఘం చిన్నదై, సభ్యులు ముసలివాళ్లైపోతున్న చోట ఆ పది మందిని కూర్చడం ప్రతి శనివారం ఒక టెన్షనే. అందుకని కొందరు, ఎవరు వచ్చినా రాకపోయినా తాము మాత్రం వేళకు వెళ్లి కూర్చుంటారు. తలుపులు తీసేది, పుస్తకాలు అందించేది, కొత్తగా వచ్చినవాళ్లను పలకరించేది వాళ్లే. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఇంకా దారిలో ఉండగానే ఈ వేళకొచ్చే మనుషుల మీద తూటాలు పడ్డాయి. న్యూ లైట్ పోగొట్టుకున్న ముగ్గురూ ఆ సంఘంలో ప్రార్థన నడిపించగలిగినవాళ్లు. అంత చిన్న సంఘంలో ముగ్గురు పోవడమంటే బతుకు నడిపే చేతులే పోవడం.

ప్రాణాలు దక్కినవాళ్ల విషయంలోనూ ముందుచూపు పనిచేసింది. వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ రోజున, అంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా, నిష్ఠగా ఉండే యూదులు ఫోన్ ముట్టుకోరు. ట్రీ ఆఫ్ లైఫ్ రబ్బీ జెఫ్రీ మయర్స్ దగ్గర ఆ రోజు ఫోన్ ఉంది. స్థానిక యూదుల ఉమ్మడి సంస్థ జ్యూయిష్ ఫెడరేషన్‌లో భద్రత చూసే అధికారి అంతకు ముందు సినగాగ్‌లన్నిటికీ శిక్షణ ఇచ్చి, షబ్బాత్ అయినా సరే ఎవరో ఒకరి దగ్గర ఫోన్ ఉండాలని గట్టిగా చెప్పి ఉన్నారు. మయర్స్ ఆ ఫోన్ నుంచే పోలీసులను పిలిచారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు షబ్బాత్ నియమాన్ని పక్కన పెట్టాల్సిందేనని యూదు ధర్మశాస్త్రమే చెబుతుంది. కాబట్టి ఆ ఫోన్ ఆయన జేబులో ఉండటం వాళ్ల సంప్రదాయానికి విరుద్ధమేమీ కాదు.

ఆ మధ్యాహ్నం కమ్యూనిటీ సెంటర్ ఆచూకీ తెలియని వాళ్ల కుటుంబాలకు ఎదురుచూసే చోటైంది. మామూలు రోజుల్లో పిల్లలు ఈత నేర్చుకునే, పెద్దవాళ్లు భోజనానికి కలిసే చోటు అది. చీకటి పడ్డాక జనం ఫోర్బ్స్, మర్రే కూడలికి వచ్చారు. షబ్బాత్ ముగిసిందని చెప్పే హవ్‌దలా ప్రార్థన కొవ్వొత్తుల వెలుగులో జరిగింది. వేలమంది వచ్చిన ఆ సభను ఏర్పాటు చేసింది పేటలోని టేలర్ ఆల్డర్‌డైస్ హైస్కూలు పిల్లలు. ప్రతి శనివారం రాత్రి ఇంట్లో చేసుకునే ఒక చిన్న తంతును నడివీధికి తీసుకురావాలని ఆ పిల్లలకు తట్టింది. ఆ పూట అంతకన్నా సరైన పని ఇంకోటి ఉండేది కాదు.

జనం కంటికి కనబడని చోట ఇంకో పని నడుస్తోంది. యూదు సంఘాల్లో హెవ్రా కదీషా అని ఒక బృందం ఉంటుంది. జీతం భత్యం లేని వాలంటీర్లు. చనిపోయినవారిని శుభ్రం చేయడం, నీళ్లు పోయడం, తెల్లటి నూలుబట్ట తొడగడం, సాదా చెక్కపెట్టెలో ఉంచడం వాళ్ల బాధ్యత. పూడ్చిపెట్టేదాకా శవాన్ని ఒంటరిగా వదలకూడదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని కీర్తనలు చదువుతూ ఉండాలి. చనిపోయిన మనిషి తిరిగి ఏమీ చేయలేడు కాబట్టి ఈ సేవను అన్నిటికన్నా నిజమైన దయ అని వాళ్ల పెద్దలు అంటారు.

ఈ పద్ధతికీ హత్యకేసు దర్యాప్తుకూ పొత్తు కుదరడం కష్టం. యూదులు వీలైనంత త్వరగా, కుదిరితే మర్నాడే, ఖననం చేస్తారు. పోలీసులకు పోస్ట్‌మార్టం కావాలి, భవనమంతా సాక్ష్యం కింద వాళ్ల అధీనంలో ఉంటుంది. చివరికి వైద్య పరీక్షాధికారి కార్యాలయం దగ్గరే వంతులవారీగా కాపలా కూర్చోవడానికి వాలంటీర్లకు ఏర్పాటు జరిగింది. రాత్రీ పగలూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. హింసలో చనిపోయినవారి నెత్తురు కూడా వారి శరీరంలో భాగమే, దాన్నీ మట్టిలో కలపాలి అన్నది యూదుల నియమం. అందుకే భవనం తమ చేతికి వచ్చాక ఈ బృందం లోపలికి వెళ్లి, నేల మీద, బెంచీల మీద మిగిలిన నెత్తుటిని ఓపికగా తుడిచి సేకరించింది. ఆ పని చేసినవాళ్లలో చనిపోయినవాళ్లను దశాబ్దాలుగా ఎరిగినవాళ్లు ఉన్నారు. మీడియా కెమెరాలన్నీ కొవ్వొత్తుల దగ్గర ఉన్న రోజుల్లో ఈ మనుషులు చేసిందే ఆ సంఘాన్ని అసలు నిలబెట్టిన పని.

మంగళవారం నుంచి శుక్రవారం దాకా అంత్యక్రియలు జరుగుతూనే ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి పరుగెత్తినవాళ్లు ఎందరో. నవంబర్ 2న పిట్స్‌బర్గ్ పోస్ట్ గెజెట్ పత్రిక మొదటి పేజీలో పతాక శీర్షికగా కద్దీష్ మొదటి మాటలను హీబ్రూ లిపిలో అచ్చువేసింది. ఒక అమెరికన్ నగర దినపత్రిక, తన పాఠకుల్లో చాలామందికి చదవడం రాని అక్షరాలను అంత పెద్దగా వేయడం మామూలు విషయం కాదు. ఆ ప్రార్థనలో చావు ప్రస్తావనే ఉండదు. దేవుడి నామం గొప్పదనాన్ని చెబుతుంది అంతే. ఈ ఘటన వార్తలను అందించినందుకు ఆ పత్రికకు 2019లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

దాడి మర్నాడే, ఆదివారం సాయంత్రం, సోల్జర్స్ అండ్ సెయిలర్స్ హాల్లో సర్వమత సభ జరిగింది. హాలు నిండిపోయి జనం బయట వానలో నిలబడ్డారు. అక్కడ ఇస్లామిక్ సెంటర్ ఆఫ్ పిట్స్‌బర్గ్ తరఫున వాసీ మొహమ్మద్ మాట్లాడారు. ముస్లింలు మొదలుపెట్టిన విరాళాల సేకరణ అప్పటికే డెబ్భై వేల డాలర్లు దాటిందని చెప్పారు. తర్వాత అది రెండు లక్షల డాలర్లు మించింది. డబ్బు సరే. మీకు ఇంకేం కావాలో చెప్పండి, ప్రార్థనల దగ్గర కాపలా కావాలన్నా, బజారుకు ఒంటరిగా వెళ్లడానికి భయమేసి తోడు కావాలన్నా మేం వస్తాం అన్నది ఆయన మాటల సారాంశం. ఆ మాటకు హాలంతా లేచి నిలబడింది. పిట్స్‌బర్గ్‌లో సినగాగ్‌లకూ మసీదులకూ రాకపోకలు పాతవే. కిందటి రోజు పుట్టిన పరిచయమైతే అంత చొరవగా అడగడం ఎవరివల్లా అయ్యేది కాదు.

దుండగుడు ఈ భవనాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్నకు జవాబు అతని రాతల్లోనే ఉంది. శరణార్థులకు సాయం చేసే హయాస్ అనే పాత యూదు సంస్థ మీద అతనికి కక్ష. 19వ శతాబ్దం చివర్లో రష్యా సామ్రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన యూదుల కోసం పుట్టిన సంస్థ అది. ఇప్పుడు అన్ని దేశాల, అన్ని మతాల శరణార్థులకు దారి చూపిస్తోంది. ఆ ఏడాది హయాస్ పిలుపు మీద శరణార్థుల కోసం ప్రత్యేక షబ్బాత్ జరిపిన సంఘాల్లో డోర్ హదాష్ ఒకటి. పిట్స్‌బర్గ్‌లో ఇలా స్థిరపడినవాళ్లలో భూటాన్ నుంచి వెళ్లగొట్టిన నేపాలీ మాట్లాడే మనుషులు వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఇల్లూ ఉద్యోగం చూసిపెట్టినవాటిలో స్థానిక యూదు కుటుంబ సేవా సంస్థ ఒకటి. వాళ్లలో ఎక్కువమంది హిందువులు. అంటే ఆ తూటాలు యూదులకు తగిలాయి గానీ, వలస వచ్చిన ప్రతి మనిషి మీదా గురి ఉంది.

ఆ నగరానికి ఇది కొత్త కూడా కాదు. 2000 ఏప్రిల్ 28న పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక తెల్లజాతి దురహంకారి తన పక్కింటి యూదు మహిళను చంపి, ఒక సినగాగ్ మీద కాల్పులు జరిపి, ఒక ఇండియన్ కిరాణా కొట్టులోకి వెళ్లి అక్కడున్న భారతీయుడిని చంపాడు. ఇంకొక భారతీయుడికి మెడ కిందనుంచి చచ్చుబడిపోయింది. ఆ తర్వాత ఇంకో సినగాగ్ మీద కాల్పులు జరిపి, ఆసియా వాళ్లను, ఒక నల్లజాతి యువకుడిని వెతికి వెతికి కాల్చాడు. మొత్తం ఐదుగురు చనిపోయారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతీలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘మా దేశం నుంచి పో’ అని అరుస్తూ కాల్చినవాడి మాటలోనూ ఉన్నది అదే విషం. స్క్విరెల్ హిల్ వార్తను ఎక్కడో యూదులకు జరిగినదిగా మాత్రమే తెలుగువాళ్లు చదవలేకపోవడానికి కారణం ఇది.

అయితే సంఘం కూడిన చోట అభిప్రాయాలన్నీ కూడలేదు. ఈ భాగాన్ని దాచిపెట్టి చెప్పే కథనాలు ఆ మనుషులకు అన్యాయం చేస్తున్నాయి. దాడి జరిగిన మూడో రోజే అధ్యక్షుడు ట్రంప్ వచ్చారు. రబ్బీ మయర్స్ ఆయనకు స్వాగతం చెప్పారు. అదే వేళకు వలసదారుల మీద ఆయన మాటలే ఇలాంటి ద్వేషానికి ఊపిరి పోశాయంటూ స్క్విరెల్ హిల్ వీధుల్లో వేలమంది నడిచారు. వాళ్లలో యూదులు చాలామంది. రెండు వైపుల వాళ్లూ అదే వారం ఒకే శ్మశానంలో పక్కపక్కన నిలబడాల్సి వచ్చింది.

మరణశిక్ష దగ్గర తేడా ఇంకా లోతుకు వెళ్లింది. తనకు యావజ్జీవం వేస్తే నేరం ఒప్పుకుంటానని నిందితుడు ముందుకొచ్చాడు. ప్రభుత్వం కాదంది. డోర్ హదాష్ సంఘం, న్యూ లైట్ రబ్బీ జొనాథన్ పెర్ల్‌మన్, ఇంకా కొందరు మరణశిక్ష కోరవద్దని అటార్నీ జనరల్‌కు ఉత్తరాలు రాశారు. కొందరికి అది మతపరమైన అభ్యంతరం, ఇంకొందరికి ఏళ్ల తరబడి సాగే విచారణలో గాయం మళ్లీ రేగుతుందన్న భయం. మరోవైపు, చనిపోయినవారి తొమ్మిది కుటుంబాల్లో ఏడు కుటుంబాలు మరణశిక్షే కావాలన్నాయి. తమ వాళ్లు ఏ తప్పూ చేయకుండా, ప్రార్థనలో కూర్చుని ఉండగా చనిపోయారని, చట్టంలో ఉన్న పెద్ద శిక్ష ఇక్కడ కాక ఇంకెక్కడ పడుతుందని వాళ్ల వాదన. పరాయివాళ్లు క్షమాగుణం గురించి తమకు పాఠాలు చెప్పడం వాళ్లను బాధపెట్టింది. ఆ బాధ న్యాయమైనదే. 2023 జూన్ 16న జ్యూరీ మొత్తం 63 అభియోగాల్లోనూ నేరం రుజువైందని తేల్చింది, ఆగస్టు 2న మరణశిక్ష ఖాయం చేసింది. దాడికీ తీర్పుకీ మధ్య దాదాపు అయిదేళ్లు పట్టింది.

ఇంత తేడా ఉన్నా సంఘం రెండుగా చీలిపోలేదు. దానికి కారణం కొంతవరకు ఏర్పాట్లలో ఉంది. 2019లో కమ్యూనిటీ సెంటర్‌లోనే ‘10.27 హీలింగ్ పార్ట్‌నర్‌షిప్’ అనే కేంద్రాన్ని తెరిచారు. ఇక్కడ కౌన్సెలింగ్‌కు యూదులే రావాలని లేదు, శిక్ష మీద ఏ అభిప్రాయం ఉన్నా అడిగేవారు లేరు. విచారణ జరిగినన్నాళ్లూ ఈ కేంద్రం వాళ్లు కోర్టుకు వచ్చిన కుటుంబాలకు తోడుగా ఉన్నారు. డబ్బు విషయంలోనూ అంతే. ప్రపంచం నలుమూలల నుంచి ఫెడరేషన్‌కు వచ్చిన సుమారు 63 లక్షల డాలర్లను పంచడానికి స్వతంత్ర కమిటీని వేశారు. అందులో ఎక్కువ భాగం మృతుల కుటుంబాలకు, తీవ్రంగా గాయపడినవాళ్లకు వెళ్లింది, పోలీసులకూ వాటా ఉంది. విరాళాల పంపకంలో వచ్చే తగవులు సంఘాలను ఎలా కూల్చేస్తాయో తెలిసినవాళ్లకు, లెక్క వెంటనే జనం ముందు పెట్టడం ఎంత పెద్ద జాగ్రత్తో అర్థమవుతుంది.

వర్ధంతి కూడా ఒక్కటే కాదు, రెండు. అక్టోబర్ 27న నగరం మొత్తానికి కార్యక్రమం ఉంటుంది. యూదు పంచాంగం ప్రకారం హెష్వాన్ నెల 18న కుటుంబాలు, సంఘాలు తమ పద్ధతిలో జరుపుకుంటాయి. మన ఇళ్లలో తద్దినం తిథి ప్రకారం పెట్టి, క్యాలెండర్ తేదీన ఇంకోసారి తలుచుకున్నట్టే. మొదటి ఏడాది నుంచే ఆ రోజున ఉపన్యాసాలకన్నా పనులకు చోటు ఎక్కువ ఇచ్చారు. రక్తదానం, శ్మశానాలు శుభ్రం చేయడం, అందరూ కూర్చుని తమ పవిత్ర గ్రంథం తోరా చదవడం లాంటివి. చనిపోయినవారి పేరు మీద చదువుకోవడం యూదుల్లో పాత ఆచారమే.

న్యూ లైట్ సంగతి ఇక్కడ మళ్లీ ఎత్తాలి. తోరా చుట్టలో అచ్చులకూ స్వరాలకూ గుర్తులుండవు. ముందుగా బాగా సాధన చేస్తేగానీ సభలో రాగయుక్తంగా చదవలేరు. ఆ విద్య ఉన్నవాళ్లు పోయాక చుట్టుపక్కల సినగాగ్‌ల వాళ్లు వచ్చి కొన్నాళ్లు ఆదుకున్నారు. కానీ ప్రతి వారం బయటివాళ్లతో నడిచే సంఘం ఎన్నాళ్లో నిలవదు. అందుకని సంఘంలోనే ఇంతకు ముందెప్పుడూ సభలో చదవని పెద్దవాళ్లు కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. అరవై దాటాక కొత్తగా ఒక రాగం పట్టుకోవడం తేలిక కాదు. ఓదార్పు సభలకు వచ్చిన జనం వెళ్లిపోయాక మిగిలే అసలు శ్రమ ఇదే.

భవనం విషయంలోనూ మూడు సంఘాలు మూడు దారుల్లో ఆలోచించాయి. న్యూ లైట్ దగ్గర్లోని బెత్ షాలోమ్‌లో కుదురుకుంది. డోర్ హదాష్ రోడెఫ్ షాలోమ్‌కు మారింది. పాత చోటికి తిరిగి రావాలని నిర్ణయించుకున్నది ట్రీ ఆఫ్ లైఫ్ ఒక్కటే. వాస్తుశిల్పి డేనియల్ లిబెస్కిండ్ నమూనాతో అక్కడ ప్రార్థనాలయం, స్మారకం, యూదుల మీద ద్వేషం గురించి నేర్పే కేంద్రం కలిపి కడుతున్నారు. 2024 జనవరిలో పాత భవనంలో చాలా భాగం పడగొట్టారు, అదే ఏడాది జూన్‌లో శంకుస్థాపన చేశారు. రానన్నవాళ్లను ఎవరూ నిందించలేదు, వస్తామన్నవాళ్లనూ ఆపలేదు.

ఈ సంఘం పొందిన సాయం ఇక్కడితో ఆగకుండా ముందుకు నడిచింది. 2015లో ఇలాంటి కాల్పుల్లోనే తొమ్మిది మందిని పోగొట్టుకున్న, అమెరికాలోనే ఉన్న చార్లెస్టన్ ఇమ్మాన్యుయేల్ చర్చి పాస్టర్ ఎరిక్ మానింగ్ ఆ వారమే పిట్స్‌బర్గ్ వచ్చి అంత్యక్రియల్లో పాల్గొన్నారు. ఆరు నెలలు తిరక్కముందే, 2019 మార్చిలో న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన దాడి జరిగింది. పిట్స్‌బర్గ్ జ్యూయిష్ ఫెడరేషన్ అక్కడి ముస్లింల కోసం నిధి తెరిచి లక్షల డాలర్లు పంపింది. బాధితులకు మొదటి వారం ఏం కావాలో, ఆరో నెలలో ఏం కావాలో వాళ్లకు అప్పటికి సొంత అనుభవం మీద తెలుసు.

పోగొట్టుకున్నదీ ఉంది. స్క్విరెల్ హిల్ సినగాగ్‌ల తలుపులు ఒకప్పుడు శనివారం ఉదయం తీసే ఉండేవి, ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చినా కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు తలుపులకు తాళాలు, కెమెరాలు, గుమ్మం దగ్గర సాయుధ గార్డులు. చిన్న సంఘాలకు ఈ ఖర్చు మోయలేని భారం. పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం 2019లో ప్రత్యేక చట్టం చేసి, ద్వేషదాడుల ముప్పు ఉన్న సంస్థల భద్రతకు నిధి ఏర్పాటు చేసింది. అది ఒక్క యూదులకే పరిమితం కాదు. మసీదులు, గురుద్వారాలతో పాటు హిందూ దేవాలయాలు కూడా ఆ డబ్బుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్క్విరెల్ హిల్‌కు కొద్ది మైళ్ల దూరంలో, పెన్ హిల్స్ కొండ మీద, 1970ల నుంచి తెలుగువాళ్లు వెళ్తున్న శ్రీ వేంకటేశ్వర ఆలయం ఉన్నది ఆ రాష్ట్రంలోనే.